సాక్షి నోట్ల జమున

సాక్షికి పాలపండ్లు ఊడి కొత్త పండ్లు వచ్చినప్పుడు కింది వరుస మీది వరుసను దాటి ముంగటికొచ్చింది. ఏ ఇంట్లనైనా అయ్యో అనుకుంటరు. సాక్షి అమ్మమ్మ పెంటవ్వ మాత్రం పిల్ల గదుమ పట్టుకొని, వెలుతురు దిక్కు తిప్పి, చానాసేపు చూసి, "వచ్చినవా బిడ్డా" అన్నది.

"నేనెటు పోయిన అమ్మమ్మా? ఈడనే ఉన్న గదా" అన్నది సాక్షి.

పక్కన కూసొని నూలు కండెలు గంపల సదురుతున్న కళకు అర్థమైంది. సాక్షిని కన్నది కళ. కళను కన్నది పెంటవ్వ. కళకంటె ముంగట పెంటవ్వకు ఇంకో బిడ్డ ఉండె, జమున. పదేండ్లు నిండకముందే పోయింది. ఆ పిల్ల నోరు అచ్చం ఇట్లనే ఉండేది. కింది దవడ ముంగటికి, కింది పండ్లు మీదివాటిని కప్పుకొని. నవ్వితే కింది పండ్లే కనబడేవి. జమునది ఫోటో ఒక్కటి కూడ లేదు. ఆ నోరు తప్ప ఆమె గుర్తు అంటూ ఎవ్వరి కాడా ఏమీ మిగలలే. ఇప్పుడు ఆ నోరు మళ్ల ఇంట్లకొచ్చింది.

"పోయినోళ్లు యాడికి పోతరే? తిరిగి తిరిగి మళ్ల మనింట్లకే వస్తరు" అని పెంటవ్వ ఆ రోజు తాముండే చాలీల వరుస ఇండ్లన్నిటికీ చెప్పొచ్చింది. అందరూ తలూపిన్రు. ముసలామె సంబురాన్ని చెడగొట్టేటందుకు ఎవరికి మనసొస్తది?

పెంటవ్వది సిరిసిల్ల దిక్కు పల్లె. ఆమెకంటె ముంగట పుట్టిన పిల్లలంతా పురిట్లనే పోతుంటె, ఈమె పుట్టంగనే చాటల వేసి పెంటకుప్ప మీద పెట్టి, పక్కింటామెతోని ఎత్తుక రాపిచ్చిన్రట. పారేసిన పిల్లను యముడేం జేసుకుంటడని వాళ్ల నమ్మకం. అట్ల పెంటవ్వ అని పేరు పడ్డది. జమున పోయినంక ఆమె ఒక్కటే మాట అంటుండేది: "నన్ను ఇడిసిపెట్టిండు గని, నా పేరు మీద ఉన్న బాకీ నా బిడ్డ కాడ వసూలు జేసుకున్నడు."

పెండ్లయినంక పెనిమిటి నర్సింగ్ ఎంబడి భివండికొచ్చింది. ఆడ నాగావ్ గల్లీల సేఠ్ కార్ఖానల ఆయన బట్ట నేసే సాంచెలు నడిపేది, ఈమె అదే కార్ఖానల ఓ మూల కండెలు చుట్టేది. సాంచెల నడుమ ఏండ్ల కొద్ది కూసున్నోళ్లకు చెవులు మిగలవు. పెంటవ్వకు జమున పుట్టేనాటికే వినికిడి సగం పోయింది, కళ పుట్టినంక మొత్తమే పోయింది. అయితేమాయె? కార్ఖానల చెవులున్నోళ్లకు మాత్రం ఏం వినబడ్డది? ఆడ ఒర్రితే ఒర్రినోని గొంతు పోవుడే గని మాట చేరదు. అందుకని అందరూ ఎదుటోళ్ల నోరు చూసి మాట తెలుసుకుంటరు. పెదవి ఎట్ల మూసుకున్నది, నాలిక ఏ పంటికి తగిలింది, దవడ ఎంత దిగింది, అంతా కంటితోనే. పెంటవ్వ ఆ విద్యల అందరికంటె ముంగట. చాలీల ఆడోళ్లు ఆమె గురించి ఏమన్న అనాలంటె గొంతు తగ్గిస్తే సాలదు, కొంగు అడ్డం పెట్టుకోవాలె.

"ఏమే లక్ష్మవ్వా, నా కోడిని నువ్వే తిన్నవని నీ మూతే చెప్తున్నది" అని గల్లీ ఆ చివర నిలబడి కొట్లాటకు దిగేది. పక్క ఖోలీల ఉండే లక్ష్మవ్వకు ఎన్నడూ అర్థం కాలే, గంత దూరం నుంచి ఈ ముసల్దానికి ఎట్ల తెలుస్తదో.

అసొంటి పెంటవ్వ ఒక్కసారి మాత్రం నోరు చదవలేకపోయింది.

వానకాలం. జమునకు జరం ముదిరి రొమ్ముల నిమ్ము చేరింది. పెద్ద దవాఖానకు తీస్కపోతే ముక్కూ నోరూ మూసేటట్టు గాలి మాస్కు పెట్టిన్రు. "తియ్యొద్దు, తీస్తే పిల్లకు ఊపిరి అందది" అని సిస్టరు గట్టిగ చెప్పింది, చేతులతోని కూడ చూపించింది. జమున ఆ మాస్కు కింద ఏందో అంటనే ఉన్నది. మాస్కు లోపల ఆవిరి పట్టి తెల్లగయింది. పెంటవ్వ వంగి వంగి చూసింది. పెదవులు కదులుతున్నయని తెలుస్తున్నది గని ఏమంటున్నయో తెలుస్తలేదు. తియ్యబుద్ధయి చెయ్యి పెట్టింది, సిస్టరు మొకం చూసి ఎనుకకు తీసుకుంది. ఇంకో తాప చెయ్యి పెట్టింది. ఇంకో తాప తీసుకుంది. తెల్లారేటాళ్లకు పిల్ల లేదు.

మంచం అవతలి దిక్కు ఇంకో పిల్ల నిలబడి ఉండె. ఆరేండ్ల కళ. కళకు చెవులున్నయి. మాస్కు కింద అక్క అన్న మాట కళకు వినబడ్డది. ఆ మాట ఏందని ఆమెను ఎవ్వరూ అడగలే. చిన్నపిల్లకు ఏం తెలుస్తదనుకున్నరు. పెద్దగయినంక తానే చెప్పాలనుకున్నది గని, చెప్పే మాట కాదది. "తియ్యవ్వా" అన్నది జమున. "తియ్యవ్వా, భయమైతుంది." మళ్ల మళ్ల అదే. కళ ఆ మాటను కడుపుల పెట్టుకొని పెరిగింది, పెండ్లి జేసుకున్నది, బిడ్డను కన్నది.

ఆ బిడ్డే ఒకనాడు బడి నుంచి ఏడ్సుకుంట వచ్చింది.

"మలా నాహీ జాయ్‌చం శాళేత్" అని సంచి మూలకు ఇసిరేసింది. అమ్మ ముంగట మరాఠీల మాట్లాడుతున్నదంటే కోపం గట్టిగ వచ్చిందన్నట్టే. "ఆ స్వప్నిల్‌గాడు నన్ను బుల్‌డాగ్ అంటడు. అందరూ బౌ బౌ అంటరు. నేను బడికి పోనమ్మా."

ఏడుపొక్కటే కాదు. రొట్టె ముందటి పండ్లతోని కొరకరాదు, పక్కకు పెట్టి పీకుతది. కింది పండ్లు మీదివాటిని గుద్ది గుద్ది ఓ పంటి అంచు అరిగిపోయింది. కళ మొగడు అంకుశం, కాశేలి దిక్కు గోదాములల్ల పనికిపోయి పొద్దుగూకినంక గని రాడు. అందుకని కళే సగం దినం పని ఇడిసి, పిల్లను ట్రస్టోళ్ల దవాఖానకు తీస్కపోయింది. ఆడ పండ్లు సర్దే డాక్టరు రూపాలి మేడం కూసుంటది.

మేడం సాక్షిని కుర్చీల పండబెట్టి, "కరిచి పట్టు, వదులు, కరిచి పట్టు" అని చూసింది. ఎక్సురే తీపిచ్చింది. తర్వాత కళకు హిందీల నెమ్మదిగ చెప్పింది. సాక్షిది కింది దవడ పెద్దగయిందని కాదు, మీది దవడ ఎనుకబడ్డది. ఎముక ఇంకా పెరుగుతున్న వయసు కాబట్టి దాన్ని ముంగటికి గుంజొచ్చు. అంగిట్ల ఓ పట్టీ అంటిస్తరు, దానికి నడుమ తాళంచెవితోని తిప్పే మర, పక్కలకు రెండు కొక్కేలుంటయి. బయట నొసటి మీద ఓ మెత్త, గదుమ మీద ఓ మెత్త, రెంటినీ కలుపుతూ నోటి ముంగట ఇనుప కడ్డీ. దాన్ని ఫేస్‌మాస్కు అంటరు. కొక్కేల నుంచి కడ్డీకి రబ్బర్లు తగిలిస్తే అవి పెట్టుకున్నంతసేపు మెల్లమెల్లగ దవడను ముంగటికి గుంజుతయి.

"బడి నుంచి వచ్చిన కాడి నుంచి పొద్దున దాక పెట్టుకోవాలె. మానొద్దు. ఇప్పటికే తొమ్మిదేండ్లు దాటినయి, ఆలస్యమైతే ఎముక గట్టిపడుతది. ఆ తర్వాత దీంతోని కాదు, పెద్దగయినంక దవడ కోసి జరుపుడే."

అంటనే మేడం కళ మొకం చూసింది. "నీది కూడ ఇదే కదా?"

కళ నవ్వింది. నవ్వితే ఆమెకూ కింది పండ్లే ముంగటికొస్తయి. "నాది కొంచెమే మేడం."

"పెద్దోళ్లకు కూడ చేస్తం. కొందరికి తీగెలు కట్టి సర్దితే అయిపోతది, కొందరికి ఆపరేషన్ పడుతది. నమిలితే నొప్పి లేస్తదా?"

"పొద్దున లేవంగనే దవడ టక్కుమంటది. దానికేముంది, ముందుగాల పిల్లది కానియ్యండి."

మాస్కు ఇంటికొచ్చిన రోజు చాలీ అంతా చూడొచ్చింది. లక్ష్మవ్వ బుగ్గ మీద వేలు పెట్టుకొని, "ఇదేందే కళా! దూడకు చిక్కం కట్టినట్టు కడితివి? పాలు తాగకుంటనా ఏంది?" అన్నది.

"పండ్లు సక్కగయితయి అత్తా."

"వంకర పండ్లైతే బువ్వ దిగుతలేదా? మా ఆయనకు పండ్లే లేవు, అయినా నన్ను కొరుక్క తింటలేడా?"

అందరూ నవ్విన్రు. సాక్షి కూడ కడ్డీ ఎనుక నుంచి నవ్వింది. పెంటవ్వ నవ్వలే. ఆమె గోడకు ఆనుకొని, పిల్ల మొకం దిక్కే చూస్తున్నది. అందరు పోయినంక అన్నం ముంగట పెడితే చెయ్యి కడుక్కోలే. "మాస్కు పెట్టిన్రు" అని మాత్రం అన్నది, ఎవరితోనో అన్నట్టు. "మళ్ల మాస్కు పెట్టిన్రు."

"ఇది అప్పటిది కాదవ్వా" అని కళ ఆమె ముంగట కూసొని, పెదవులు కనబడేటట్టు ఒక్కొక్క మాటే చెప్పింది. "ఊపిరిది కాదు. పండ్లది."

పెంటవ్వ తలూపింది. తలూపుడు వేరు, ఒప్పుకునుడు వేరు.

నెలలు గడిచినయి. కళ మొదట్ల కొన్ని దినాలు చిన్న తాళంచెవితోని సాక్షి అంగిట్ల పట్టీ మర తిప్పింది, రోజూ సాయంత్రం కార్ఖాన నుంచి వచ్చి రబ్బర్లు మార్చేది. వచ్చేటాళ్లకు మాస్కు మొకం మీదనే ఉండేది. అంతా సక్కగనే ఉన్నదనుకున్నది. దవాఖానకు పోతే మేడం కొలిచి చూసి మొకం ముడిచింది.

"ఇంచు కాదు, ఇసుమంత కూడ జరగలే. పెట్టుకుంటలేరు మీరు."

"పెడుతున్నది మేడం, నా కండ్లతోని చూస్తున్న."

"నువ్వు చూసేటప్పుడు పెడుతున్నదేమో. ఇంకో రెండు మూడు నెలలు ఇట్లనే అయితే నేను తీసేస్త. ఉత్తగ పిల్లను సతాయించుడెందుకు?"

కళ పిల్లను రిక్ష ఎక్కించుకొని ఇంటికి తెచ్చింది. ఇంట్లకు రాంగనే అందుకుంది. "బుల్‌డాగ్ అంటున్నరని ఏడ్చింది నువ్వా నేనా? నేనింట్ల లేనప్పుడు తీసి పారేస్తున్నవా?" సాక్షి తల వంచుకుంది. కళ తిట్టింది, బుజ్జగించింది, అయినా పిల్ల నోరు తెరవలే. పెంటవ్వ మూలకు కూసొని ఇద్దరి నోళ్లనూ మార్చి మార్చి చూస్తున్నది.

తర్వాతి వారం ఓనాడు పగటీలి కార్ఖానల కరెంటు ఫేజు పోయింది. గల్లీల సాంచెలన్నీ ఒక్కసారే ఆగినయి. నాగావ్‌ల సాంచెలు ఆగితే వచ్చే నిశ్శబ్దం మామూలుది కాదు. చెవుల మీద ఎవరో చెయ్యి పెట్టి మూసినట్టుంటది. పక్కింట్ల గిన్నె దించితే ఉలిక్కిపడాలె. లైటొచ్చేదాక పని లేదని కళ ఇంటికి బయలెల్లింది. సాంచెలు నడుస్తుంటే ఇంట్ల అన్న మాట గుమ్మం కాడ వినబడదు. ఆ దినం వినబడ్డది.

"మంచిగ యాదికి తెచ్చుకో బిడ్డా. ఆనాడు ఏమన్నవ్?"

"జామకాయ కావాలన్న."

"కాదు. నిన్న ఐసుఫ్రూటు అంటివి. అది గాదు. ఇంకేదో అన్నవ్. చానాసేపు అన్నవ్."

"ఇంటికి పోదామన్న అవ్వా."

ఆ ఒక్క మాటకు కళ కాళ్లు ఆగిపోయినయి. సాక్షి ఎన్నడూ పెంటవ్వను అమ్మమ్మ అనే పిలుస్తది. కన్నతల్లిని అవ్వా అని పిలిచేది కళ. కళకంటె ముంగట జమున. గొంతు కూడ సాక్షిది గానట్టే, సన్నగ, అలసిపోయినట్టు వచ్చింది.

కళ తలుపు నెట్టింది. మాస్కు సాక్షి ఒడిల ఉన్నది, రబ్బర్లు పెంటవ్వ వేళ్లకు ఉంగరాల లెక్క ఉన్నయి. సాక్షి ఎగిరిపడి లేచింది.

"అమ్మా... అమ్మమ్మకు మాట కనబడదట. కడ్డీ అడ్డమొస్తదట. తీస్తెనే కనబడుతదట."

"రోజూనా?"

"బడి నుంచి రాంగనే. నువ్వచ్చే ముంగట మళ్ల పెడుతది. రాత్రి నువ్వు పండుకున్నంక కూడ తీస్తది, తెల్లారక ముందే పెడుతది."

"మరి నేనంత తిట్టినా ఎందుకు చెప్పలే?"

"అమ్మమ్మ ఏడుస్తది గదా" అన్నది సాక్షి, అది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

కళ వచ్చి తల్లి ముంగట కూసున్నది. పెంటవ్వ తప్పు జేసినట్టు లేదు. పనిల ఉండంగ ఎవరో అడ్డమొచ్చినట్టున్నది. "అది చెప్తది కళా. ఇంకొన్ని దినాలైతే చెప్తది. దానికి యాదికొస్తున్నది" అన్నది.

కళకు ఒక్క అబద్ధం కావాలె. మంచిగున్నదవ్వా అన్నది అక్క, నిద్రొస్తుందన్నది, నిన్ను ఏడ్వొద్దన్నది. ఏదైనా సాలు. చచ్చినోళ్ల పేరు మీద అబద్ధమాడితే పట్టేటోళ్లెవ్వరు? ముసలామె ప్రాణం కుదుటబడుతది, మాస్కు పిల్ల మొకం మీద ఉంటది. నిజం చెప్తే మాత్రం ఇంకేమన్న ఉన్నదా? తియ్యమని బతిమాలిందని తెలిసినంక ఈమె బతికుండంగ సాక్షి మొకం మీద మాస్కు నిలవనిస్తదా?

అబద్ధం చెప్దామనే నోరు తెరిచింది. పెంటవ్వ కండ్లు వచ్చి ఆ నోటి మీద పడ్డయి. రెప్ప కొట్టకుంట, ఒక్క పెదవి కదలిక కూడ పోకుంట. ఆనాడు మంచం మీద వంగి చూసినప్పుడు కూడ ఇట్లనే ఉండె ఆ కండ్లు. కళకు అబద్ధం రాలే.

"తియ్యమన్నదవ్వా. నాకు వినబడ్డది. భయమైతుంది, తియ్యవ్వా అన్నది."

పెంటవ్వ పెదవులు ఆ మాటను ఒకసారి చప్పుడు లేకుంట అని చూసుకున్నయి. తియ్యవ్వా. సరిపోయిందన్నట్టు తలూపింది.

"నేను తియ్యలే" అన్నది.

"తీస్తే ఇంకా ముందుగాలనే పోతుండె. సిస్టరు చెప్పింది గదవ్వా."

"పోనీ. చెప్పి పోతుండె గదా."

సాక్షి ఇద్దరినీ చూసింది. నడుమకొచ్చి పెంటవ్వ ముంగట గొంతుకూసున్నది. పెంటవ్వ ఆ పిల్ల గదుమ పట్టుకున్నది. ఇగ అయిపోయింది, మాస్కును బయట మురికి నాలిల పారేస్తది అనుకున్నది కళ.

"ఇదెట్లున్నది నీకు?" అని అడిగింది పెంటవ్వ. "జమునను అడుగుతలేను. నిన్నే. తియ్యమంటవా? నిజం చెప్పు."

సాక్షి ఆలోచించింది. "గదుమ కాడ గోకుతది. చెమట పోస్తది. పండుకుంటే కడ్డీ తలకింది మెత్తకు తగులుతది. గని తియ్యొద్దు అమ్మమ్మా. నాకు ఆమె లెక్క ఉండుడు వద్దు. రోజూ ఆమె మాటలు చెప్తుంటె నాకు భయమైతది" అన్నది.

పెంటవ్వ ఆ నోరు చదివింది. మొదటిసారి దాంట్ల సాక్షి మాట చదివింది. మాస్కును పిల్ల మొకానికి సదిరి, వేళ్లకున్న రబ్బర్లను ఒక్కొక్కటే తీసి, పిల్ల నోరు తెరవమని, ఓ కొక్కేనికి తగిలించి కడ్డీ దాక గుంజింది. రెండోది కూడ తగిలించి, లేచి బయటికి పోయి నల్లా కాడ మొకం కడుక్కుంది. అప్పుడే లైటొచ్చింది, గల్లీ పొడుగు సాంచెలు మొదలైనయి. ఆమె ఏడ్చిందా లేదా అనేది ఎవ్వరికీ వినబడలే.

ఆనాటి నుంచి రబ్బర్లు పెట్టుడు పెంటవ్వ పనే అయింది. సాక్షి బడి నుంచి వచ్చుడు ఆలస్యమైతే గల్లీ మొదట్లకు పోయి నిలబడేది. కళకు మాత్రం గుబులు పోలే. అవ్వ మరీ శ్రద్ధగ పెడుతుంటె, ఇది పిల్ల బాగుకోసమా, లేకుంటె పోయినదాన్ని తన చేతులతోనే సాగనంపుతున్నదా అనిపించేది. అడిగే ధైర్యం లేకపోయె.

చలికాలం దాటినంక మేడం అద్దం చూపించింది. మీది పండ్లు కింది పండ్ల ముంగటికొచ్చి నిలబడ్డయి. సాక్షి ఆడనే ఓ బిస్కటు ముందటి పండ్లతోని కొరికి, కొరికిన అంచు అందరికీ చూపించింది. పెంటవ్వ కూడ చూసింది. పిల్ల గదుమ పట్టుకొని వెలుతురు దిక్కు తిప్పి, అటు ఇటు వెతికి, "సక్కగయింది" అన్నది. చెయ్యి కిందికి దించింది. ఎదగడం ఆగేదాక మళ్ల మళ్ల చూపించుకోవాలని మేడం చెప్తున్నది, కళ వింటున్నది గని ఆమె కన్ను తల్లి మీదనే ఉన్నది. పెంటవ్వ దవాఖాన వసారల ఉన్న పిల్లల నోళ్లు ఒక్కొక్కటే చూసుకుంట నడుస్తున్నది.

"మరి నీదెప్పుడు?" అన్నది మేడం కళతోని.

"చూద్దాం మేడం" అన్నది కళ.

తర్వాతి శుక్రవారం సాంచెలకు సెలవు. సాక్షి బయట ఆడుతున్నది. పెంటవ్వ పొద్దటి నుంచి ఉలుకు పలుకు లేక కూసున్నది. చాయ్ చల్లారిపోయింది. కళ పోయి ఎదురుంగ కూసొని, "ఏందవ్వా, గట్ల ఉన్నవేంది? ఏదన్న మాట్లాడు" అన్నది.

పెంటవ్వ తలెత్తింది. ఆమె కండ్లు కళ కండ్ల కాడ ఆగలే. కిందికి జారి నోటి మీదికొచ్చినయి. ముంగటికి పొడుచుకొచ్చిన కింది పండ్ల మీద నిలబడ్డయి. ఇన్నేండ్లు ఇదే ఇంట్ల, కండ్ల ముంగటనే ఉన్న నోరు అది. ఇప్పుడే కనబడ్డట్టు చూసింది.

"నువ్వు మాట్లాడు బిడ్డా" అన్నది. "ఏదైనా మాట్లాడు. నేను చూస్త."

ఆమె ఎవరిని చూస్తున్నదో కళకు తెలుసు. లేచి పోదామనుకున్నది. పోలే. ఉల్లిగడ్డ ధర గురించి చెప్పింది. సేఠ్ కొత్త నూలు తెచ్చిండని, అది ఊకె తెగుతున్నదని చెప్పింది. లక్ష్మవ్వ మొగడు పండ్ల సెట్టు పెట్టిచ్చుకుంటడట అని చెప్పింది. పెంటవ్వ దేనికీ ఊ కొట్టలే, నవ్వలే. పెదవులు ఎటు కదిలితే అటు ఆమె కండ్లు కదిలినయి. చెప్పేటియి అయిపోయినంక కళ మళ్ల ఉల్లిగడ్డ ధర కాడి నుంచి మొదలుపెట్టింది.